జీడిపప్పు వంపు ఎవరిది?

జీడిపప్పు బొమ్మ గీయమంటే ఎన్ని రకాలుగా గీయగలరు? కాగితమూ పెన్సిలూ అందుబాటులో ఉంటే ఓసారి గీసి చూడండి. బయటివైపు పెద్ద వంపు, లోపలివైపు చిన్న వంపు, రెండు కొసలూ గుండ్రంగా కలిపెయ్యడం. ఒక కొస కాస్త లావు, రెండోది కాస్త సన్నం. అక్కడితో పని అయిపోయింది. ఇంకో గీత ఎక్కువైతే చింతకాయ, ఒక గీత తక్కువైతే నెలవంక. పలాస, కాశీబుగ్గ జంట ఊళ్లలో కొట్ల బోర్డుల మీదా, డబ్బాల మీదా, పౌచుల మీదా కనిపించే జీడిపప్పులన్నీ ఈ రెండు వంపుల మధ్యనే తిరుగుతుంటాయి. ఒకరు దానికి కళ్లూ మీసాలూ పెడతారు. ఇంకొకరు రెండు పప్పుల్ని ఎదురెదురుగా నిలబెట్టి దణ్ణం పెట్టిస్తారు. మరొకరు కిరీటం తొడుగుతారు. కిరీటం కింద ఉన్నది మాత్రం అదే పప్పు.

ఈ వంపు ఎవరిదని అడిగితే ఇదివరకు నవ్వేసేవాణ్ని. చెట్టుది, ఇంకెవరిది? నిజానికి ఆ చెట్టూ మనది కాదు. బ్రెజిల్లో పుట్టింది, పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో పడమటి తీరానికి వచ్చింది, ఆ తర్వాతెప్పుడో ఉద్దానం ఇసుకలో దిగి మన జీడిమామిడి అయి కూర్చుంది. ఇసుకనేలా ఉప్పుగాలీ దానికి పడ్డాయి. ఇక్కడి పిక్కకి ఓ రుచి వచ్చింది, ఆ రుచికి ఊరి పేరు వచ్చింది. బ్రెజిల్ వాళ్లెవరూ వచ్చి మా చెట్టు మాకిచ్చెయ్యండి అనలేదు. ఆ చెట్టు కాసిన పిక్కలో ఉన్న పప్పు ఆకారం మాత్రం మాదేనంటూ ఓ పెద్ద కంపెనీ నాకు నోటీసు పంపింది.

బొమ్మలు గీసి బతికేవాణ్ని నేను. మొదట్లో బ్రష్షు పట్టి బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు మూలపడి కోరల్ డ్రా చేతికొచ్చింది. కాశీబుగ్గలో ఓ గది, ఓ కంప్యూటరు, ఓ ప్రింటరు. నాకు యజమాని లేడు, జీతమూ లేదు. టెక్కలి గ్రానైటు వాళ్ల లెటర్‌హెడ్డూ నేనే చేస్తాను, కవిటి కొబ్బరి పీచు తాళ్ల కట్టకి వేలాడే చీటీ నేనే చేస్తాను, వజ్రపుకొత్తూరు వైపు పెళ్లిపత్రికలూ నావే. అయినా అన్నం పెట్టేది జీడి లేబులే.

ఈ లేబులు తయారీకి ఓ వరస ఉంది. ముందు అంకె. డబ్ల్యూ 320 అంటే పౌనుకి మూడొందల నుంచి మూడొందల ఇరవై గుండు పప్పులు తూగుతాయని. అంకె చిన్నదయ్యేకొద్దీ పప్పు పెద్దది, ధర ఇంకా పెద్దది. డబ్ల్యూ 180 వేయించుకునే సావుకారికి ఆ అంకె వీధి చివర్నించి కనబడాలి. అంకె తర్వాత దేవుడు. లక్ష్మీదేవో, వెంకన్నో, కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లో. దేవుడి పక్కన సావుకారి తండ్రిగారి ఫొటో. ఇంతమంది సర్దుకున్నాక మిగిలిన చోట్లో నా కళ.

సావుకార్లు నా దగ్గరికి ఉత్త చేతుల్తో రారు. చేతిలో ఎవరిదో ప్యాకెట్టు ఉంటుంది. దాన్ని బల్ల మీద పెట్టి, చుట్టూ ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఇలగే ఉండాల బాబూ, గానీ ఇదే అన్నట్టు ఉండకూడదు" అంటారు. కాపీరైటు మీద నేను విన్న వ్యాఖ్యానాల్లో ఇంతకన్నా పొట్టిది లేదు. కాబట్టి మావాళ్లంతా అమాయకులు, కంపెనీలన్నీ రాక్షసులు అనే కథ నేను చెప్పలేను. మా వీధిలో గీసే ప్రతి చెయ్యీ ఎవరో ఒకరి చెయ్యి చూసి నేర్చుకున్నదే. మేం లేబుళ్ల మీద అచ్చేసే లక్ష్మి, తామరపువ్వు మీద నిలబడ్డ ఎర్రచీర లక్ష్మి, రవివర్మ పెట్టిన భిక్ష. ఆయన 1894లో బొంబాయిలో రాళ్ల అచ్చు ప్రెస్సు పెట్టి దేవుళ్లని ఇంటింటికీ పంపించాడు. 1906లో పోయాడు. ఇప్పుడు ఆ లక్ష్మి మీద ఎవరికీ హక్కు లేదు, అందరి దగ్గరా ఆవిడే. ఇక తెలుగులో బోర్డు రాసినవాడెవడైనా బాపు అక్షరాన్ని అనుకరించకుండా రాశానంటే నేను నమ్మను. ఆయన చేతిరాత చివరికి కంప్యూటర్ ఫాంటు కూడా అయింది. మా శుభలేఖల్లో సగం ఆ వాలులోనే ఉంటాయి.

నోటీసు ముందు నాకు రాలేదు. బొమ్మ వేయించుకున్న సావుకారు గారికి వచ్చింది. ఆయన దాన్ని మడత పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకుని వచ్చారు, బయట ఎవరైనా చూస్తే పరువు పోతుందన్నట్టు.

"ఇదేటి బాబూ, బొమ్మ వాళ్లదంట. నువ్వు ఎవులిది సూసి గీసినావు?"

"ఎవరిదీ చూడలేదు సావుకారు గారూ. నేనే గీశాను."

"అలగైతే వాళ్లకేటి పని, రిజిస్టరు పోస్టులో ఇంత దూరం పంపడానికి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది. తర్వాత నా పేరున ఇంకో కాపీ వచ్చింది. అన్నీ ఇంగ్లీషు పేజీలు, ప్రతి పేజీ కింద సంతకం. బొమ్మ సంగతి చెబుతాను. పప్పుని వెల్లకిలా పడుకోబెట్టి దాని ఒళ్లో పొద్దు పొడుస్తున్న సూర్యుణ్ని పెట్టాను, కింద ఓ అల గీశాను. మా వైపు సూర్యుడు రోజూ సముద్రంలోంచే వస్తాడు. బారువ ఒడ్డున ఓ ఉదయం నిలబడినవాడు ఇంకో రకంగా గీయలేడు. కంపెనీవాళ్ల బొమ్మలోనూ పప్పుంది, ఒళ్లో సూర్యుడున్నాడు. అల లేదు. వాళ్ల పప్పు కుడివైపు లావు, నాది ఎడమవైపు. వాళ్ల సూర్యుడికి కిరణాలున్నాయి, నా సూర్యుడు బోడిగా ఉన్నాడు, ఎందుకంటే చిన్న స్టిక్కరు మీద కిరణాలు అలుక్కుపోతాయి.

నోటీసులో ఏముందంటే, వాళ్ల కళాఖండాన్ని మేం దురుద్దేశంతో అనుకరించాం. వారం రోజుల్లో సరుకంతా ధ్వంసం చెయ్యాలి, ఇంతవరకు ఎంత అమ్మామో లెక్క చూపాలి, ఇకముందు ఇలాంటి పని చెయ్యమని రాసివ్వాలి, నష్టపరిహారం కట్టాలి. ఆ పరిహారం అంకె నా గదినీ, గదిలో సామాన్నీ, నన్నూ కలిపి వేలం వేసినా రాదు. చివర్లో కాపీరైటు చట్టం 63వ సెక్షను. తెలిసి చేసిన ఉల్లంఘనకి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. ఇది వారెంటు లేకుండా అరెస్టు చెయ్యదగ్గ నేరమేనని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. బొమ్మలు గీసుకునేవాడికి ఆ పేరా చదివాక మిగతా పేజీలు ఎవరు చదువుతారు? సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటాడు. ఆ పేరా అక్కడ ఉన్నది అందుకే.

నేను మాత్రం చదివాను. చదివించినవారు టెక్కలిలో ఓ లాయరు గారు. "ఇది తీర్పు కాదు బాబూ, వాళ్ల వైపు వాదన. మన వాదన మనకుంది కదా" అని మొదలుపెట్టి, ఆ పేజీల్లో రెండు వేరు వేరు చట్టాలు కలిపి వండారని చూపించారు. నాకు ఆ రోజు దాకా కాపీరైటూ ట్రేడ్‌మార్కూ ఒకటే. గుండ్రంలో ఆర్ అక్షరం వేస్తే ఒకటి, సి అక్షరం వేస్తే రెండోది, అంతవరకే తెలుసు. తేడా ఏమిటంటే, కాపీరైటులో తప్పు జరగాలంటే చూసి గీసి ఉండాలి. ఇద్దరు మనుషులు ఒకరినొకరు ఎరగకుండా ఒకే బొమ్మ గీస్తే కాపీరైటు దృష్టిలో ఇద్దరివీ సొంత బొమ్మలే. ట్రేడ్‌మార్కుకి ఆ పట్టింపు లేదు. చూసి గీశావా, కలగని గీశావా అని అది అడగదు. కొనేవాడు ఒకదాన్ని చూసి ఇంకోటనుకుంటాడా లేదా, అదే దానికి కావాలి.

ఈ రెండో చూపుకి, అంటే ట్రేడ్‌మార్కు చూపుకి, బలయినవాళ్లలో మా బాపతు వాళ్లు ఉన్నారు. పార్లే గ్లూకో బిస్కెట్ల కాగితం మీద పొలమూ, ఇల్లూ, చెట్లూ, మధ్యలో నీళ్ల బిందెతో ఓ అమ్మాయి, చుట్టూ ఆవులూ కోళ్లూ ఉండేవి. మైసూరులో జె.పి. అండ్ కో అనే సంస్థ తన బిస్కెట్లకి ఇంకో కాగితం చేయించింది. అందులోనూ అమ్మాయే, కాకపోతే నెత్తిన గడ్డిమోపు, చేతిలో కొడవలి, అన్నం మూట. చుట్టూ ఆవులూ కోళ్లూ మామూలే. కింది కోర్టూ, మైసూరు హైకోర్టూ ఈ రెండూ వేరు అన్నాయి. 1972లో సుప్రీంకోర్టు కాదు పొమ్మంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడాలు ఏరుతూ కూర్చోవద్దు, ఒకదానికి అలవాటుపడ్డ మనిషి చేతిలో రెండోది పెడితే తీసుకుంటాడా లేదా చూడండి అంది. పార్లే గెలిచింది. మైసూరు కాగితం గీసిన చెయ్యి ఎవరిదో తీర్పులో లేదు. ఆ గడ్డిమోపు దగ్గర ఆ చెయ్యి ఎంత ఆలోచించి ఉంటుందో మాత్రం నేను ఊహించగలను. బిందె తీసేసి మోపు పెడితే సరిపోతుందనుకుని ఉంటాడు. ఎదురుగా సావుకారు నిలబడి, ఇలాగే ఉండాలి గానీ ఇదే అన్నట్టు ఉండకూడదు అని ఉంటాడు. తీర్పు న్యాయమైనదే. నా సానుభూతి ఆ చేతికి పోతే నేనేం చెయ్యను?

మొదటి చూపు, అంటే కాపీరైటు చూపు, మాకు అనుకూలం. 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త కేసులో సుప్రీంకోర్టు సూత్రం స్పష్టంగా చెప్పింది. ఆయన నాటకం పేరు 'హమ్ హిందుస్తానీ'. అందులోని ప్రాంతీయ ద్వేషాల ఇతివృత్తాన్నే 'న్యూ ఢిల్లీ' సినిమా వాళ్లు కాపీ కొట్టారని దావా. కోర్టు ఒప్పుకోలేదు. ఆలోచన మీద, ఇతివృత్తం మీద ఎవరికీ హక్కు ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుంది. ఈ లెక్కన జీడిపప్పు ఒళ్లో సూర్యుణ్ని పెట్టడం ఆలోచన. కిరణాలెన్ని, వంపు ఎంత, ఏ వైపు లావు, ఇవన్నీ చెప్పిన తీరు. ఆలోచన ఊరందరిదీ, తీరు గీసినవాడిది. పాటల్లో దీన్ని మేం కళ్లారా చూశాం. 2020లో 'పలాస 1978' సినిమాలో మా వైపు జానపదం 'నక్కిలీసు గొలుసు' వచ్చి రాష్ట్రమంతా పాడుకున్నారు. పాట జనానిది. రఘు కుంచె సినిమాకి కూర్చిన రికార్డింగుకి మాత్రం హక్కుదారు ఉంటాడు. రెండూ ఒకే గొంతులోంచి వినబడుతుంటే ఎక్కడ జనం ఆగి ఎక్కడ కంపెనీ మొదలైందో చెవికి తెలియదు. నోటీసు రాసేవాడికి ఆ తెలియకపోవడమే పెట్టుబడి.

పెద్ద దేశాల్లో ఈ గొడవ లేదనుకోకండి. అమెరికాలో ప్రిపేర్ అనే వంటల యాప్‌ని 2020లో అయిదుగురు మనుషులు నడుపుతుండేవాళ్లు. వాళ్ల లోగో పచ్చటి బేరికాయ. ఆ ఏడాదే యాపిల్ కంపెనీ దాని రిజిస్ట్రేషనుకి అడ్డం పడింది. కాయ వేరు, రంగు వేరు, కొరికిన గుర్తు లేదు. అయినా పైనున్న ఆకు మా ఆకులాగా వాలి ఉంది అంది. 2021లో రాజీ అయింది. బేరికాయ ఆకు ఆకారం కొద్దిగా మార్చుకుంది. అంత పెద్ద కంపెనీ ఆ ఆకు దగ్గర ఆగిపోయింది, ఈ అయిదుగురూ ఆ ఆకు మీద లాయర్లకి ఖర్చుపెట్టారు. కిరణాల్లేని నా సూర్యుడి మీద పేజీలకి పేజీలు రావడం ఇది చదివాక అంత వింతగా అనిపించలేదు.

లాయరు గారు అడిగిన అసలు ప్రశ్న వేరు. "ఎప్పుడు గీశావు? రుజువుందా?"

ఫైలు మీద తేదీ ఉంటుంది కదా అంటారు ఎవరైనా. ఉండేది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలకి వరసలు మొదలంటా ఒరిగిపోయాయి, జీడితోటలు వేళ్లతో లేచొచ్చాయి. ముప్ఫై ఏళ్లు పెంచిన చెట్టు పోయినవాడి ముందు ఓ తడిసిన కంప్యూటరు గురించి చెప్పుకోవడం సిగ్గుచేటు, అందుకే అప్పుడు ఎవరికీ చెప్పలేదు. పాత ఫైళ్లన్నీ అందులోనే పోయాయి. నోటీసులో కంపెనీ తన బొమ్మ 2019 నుంచి వాడకంలో ఉందని రాసుకుంది. నా బొమ్మ అంతకు ముందుదని నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదు కదా.

ఆధారం చివరికి ఓ వంటింట్లో దొరికింది. జీడిపప్పు పది కిలోల రేకు డబ్బా ఖాళీ అయ్యాక దాన్ని పారేసేవాడు మా జిల్లాలో లేడు. బియ్యానికీ, చింతపండుకీ, అప్పడాలకీ అదే. సావుకారు గారి చుట్టాలింట్లో, మందసలో, చింతపండు నింపి అటక మీద పెట్టిన డబ్బా ఒకటి ఉందన్నారు. దింపితే మూత చుట్టూ తుప్పు, ఒకవైపు లేబులు సగం చెరిగింది, ఇంకోవైపు బాగానే ఉంది. బోడి సూర్యుడు, అల, ఎడమవైపు లావు పప్పు. దాని కింద చిన్న అక్షరాల్లో ప్యాకింగు నెల, సంవత్సరం: ఏప్రిల్ 2016. ఆ తేదీ నా కోసం వేసింది కాదు. కొనేవాడు మోసపోకూడదని తూనికలు కొలతల శాఖ నిబంధన పెట్టింది గనక, వెయ్యకపోతే జరిమానా గనక, సావుకారు గారు విసుక్కుంటూ వేయించిన లైను అది. డిజైను చెడిపోతోందని నేనూ దాన్ని వీలైనంత చిన్నగా పెట్టాను. ఇంటావిడ చింతపండు వేరే డబ్బాలోకి మార్చి, దీన్ని తుడిచి ఇచ్చింది. "కోర్టుకెట్టుకెళ్లి మళ్లీ నా డబ్బా నాకిచ్చెయ్యాల" అంది.

ముందు వాడినవాడికి ఈ దేశంలో కొంత విలువ ఉంది. తిరునల్వేలిలో ఇరుట్టుక్కడై హల్వా అని ఉంది, చీకటి కొట్టు హల్వా అని అర్థం. ఒక్క చిన్న దీపంతో నడిచే కొట్టు గనక జనం పెట్టిన పేరది. ఆ పేరుకి పోటీగా ఇంకొకరు తమ పేరూ రిజిస్టరు చేయించుకున్నారు. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముందునుంచీ వాడుతున్నవారి హక్కు రిజిస్ట్రేషను కాగితం కన్నా పైది అని 2015లో తీర్పొచ్చింది. ఆ తీర్పు గురించి విన్నాక చింతపండు డబ్బాని బీరువాలో పెట్టాను.

ఇంత బలముంటే ఇక భయమెందుకు అనొచ్చు. ఎందుకంటే కోర్టు ఎక్కడుందన్నది కూడా కేసులో భాగమే. మామూలుగా దావా వెయ్యాలంటే ఎదుటివాడి ఊళ్లోనో గొడవ పుట్టినచోటో వెయ్యాలి. 1957 నాటి కాపీరైటు చట్టం, 62వ సెక్షనులో, హక్కుదారు తన ఊళ్లోనే దావా వేసుకోవచ్చంది. ఎవరి కోసం? రచయితలూ కళాకారులూ డబ్బులేనివాళ్లు, ఎక్కడో కాపీ కొట్టినవాడి వెంట ఊళ్లు పట్టుకుని తిరగలేరు అని. ఎంత మంచి ఆలోచనో చూడండి. మా కోసం తెరిచిన ఆ తలుపులోంచి ముందుగా దూరినవి కంపెనీలు. ఏ మహానగరంలో బ్రాంచి ఆఫీసు ఉంటే అక్కడ దావా వేసి, చిన్నవాణ్ని అక్కడికి రప్పించడం. పలాసలో రైలెక్కి ఢిల్లీ వెళ్లిరావడానికే వారంలో సగం పోతుంది. వాయిదా పడితే మిగతా సగం. 2015లో సుప్రీంకోర్టు సంజయ్ దాలియా కేసులో దీనికి కళ్లెం వేసింది. పాటల హక్కుల సంఘం ఐపీఆర్‌ఎస్ ప్రధాన కార్యాలయం ముంబయిలో, గొడవ జరిగిందీ అక్కడే, దావా వేసింది మాత్రం ఢిల్లీలో. చట్టం ఇచ్చిన సౌకర్యం ఎదుటివాణ్ని వేధించడానికి కాదు, గొడవ నీ కార్యాలయం ఉన్నచోటే పుడితే అక్కడే తేల్చుకో అంది కోర్టు. మంచిదే. మా గొడవ పుట్టింది కాశీబుగ్గలో, కంపెనీకి ఇక్కడ కార్యాలయం లేదు, కాబట్టి ఆ కళ్లెం మాకు ఎంతవరకు పనిచేస్తుందో వాదించుకోవాల్సిందే.

అదే చట్టంలో 60వ సెక్షను ఉంది, దాని పేరు ఏ నోటీసులోనూ కనబడదు. కాపీరైటు ఉల్లంఘన అంటూ ఆధారం లేకుండా బెదిరిస్తే, బెదిరింపు తిన్నవాడే ఎదురు దావా వెయ్యొచ్చు. ఆ బెదిరింపులు ఆపించొచ్చు, నష్టం కలిగితే రాబట్టొచ్చు. బెదిరించినవాడు వెంటనే కేసు వేసి శ్రద్ధగా నడిపితే మాత్రం ఇది చెల్లదు. అంటే చట్టం చెప్పేది ఒకటే, కోర్టుకి వెళ్తే వెళ్లు, ఉత్తరాలతో భయపెట్టకు. లాయరు గారు జవాబులో డబ్బా ఫొటో పెట్టారు, ఏప్రిల్ 2016 చుట్టూ ఎర్రగీత గీశారు, 60వ సెక్షను ఓ చిన్న పేరాలో వినయంగా గుర్తుచేశారు.

అవతలినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

గెలిచినట్టే కదా? లేదు. సావుకారు గారు అప్పటికే లేబులు మార్చేశారు. వేసవి వచ్చేసింది. పిక్కలు కొనాలి, బ్యాంకు అప్పు తీసుకోవాలి, కాల్చి, పగలగొట్టించి, బోర్మాలో ఆరబెట్టించి, పొట్టు తీయించి, గ్రేడు చేయించి పంపాలి. జీడినూనెకి అరచేతులు నల్లబడ్డ ఆడవాళ్లు షెడ్డులో కూలి కోసం చూస్తున్నారు. బరంపురం వ్యాపారి నోటీసు సంగతి ఎలాగో విని, ఆ బొమ్మ ఉన్న సరుకు నాకొద్దన్నాడు. "తప్పు మనది కాదని నాకు తెలీదా బాబూ? గానీ సీజను ఆగదు కదా" అన్నారు సావుకారు గారు. ఆయన మాట కాదనడానికి నాకు నోరు రాలేదు. నోటీసు రాసినవాళ్లకి చట్టం ఎంత తెలుసో గానీ పంచాంగం బాగా తెలుసు. కోర్టులో ఓడిపోయే కేసు కూడా మార్చి నెలలో పోస్టు చేస్తే గెలుస్తుంది. కొత్త లేబుల్లో సూర్యుణ్ని తీసేశాను. పప్పు ఉంది, అల ఉంది. సముద్రం మీద పడవలా తేలుతోంది పప్పు. ఇది పాతదానికన్నా బాగుందని అందరూ అంటున్నారు, నాకు ఆ మాట రుచించడం లేదు.

ఈ మొత్తంలో నాకు కొత్తగా తెలిసిన సంగతి కంపెనీకి సంబంధించింది కాదు, మా ఇద్దరికీ సంబంధించింది. పాత బొమ్మ మాదంటే మాదని నేనూ సావుకారు గారూ కలిసి జవాబిచ్చాం కదా. మా ఇద్దర్లో ఎవరిది? ఆయన డబ్బిచ్చారు. నేను గీశాను. ఆయన తనదనుకున్నారు, నేనూ ఆయనదే అనుకున్నాను. ఈ ప్రాంతంలో ప్రతివాడికీ భూమి లెక్క తెలుసు. సాగు ఒకరిది, పట్టా ఇంకొకరిది అయితే ఎన్ని తరాలు ఎన్ని కోర్టుల చుట్టూ తిరుగుతాయో తెలుసు. బొమ్మకి కూడా పట్టా ఉంటుందని మాత్రం మాకెవరికీ తోచలేదు. చట్టం ప్రకారం జీతానికి పనిచేసేవాడు గీస్తే యజమానిది. నాలాంటి సొంత పనివాడు గీస్తే గీసినవాడిది, సంతకం పెట్టి రాసిచ్చేవరకు. డబ్బిచ్చి వేయించుకున్న ఫొటోలకీ వర్ణచిత్రాలకీ వేరే లెక్క ఉంది, లోగో ఆ కోవలోకి వస్తుందని వాదించేవాళ్లూ ఉన్నారు. రాసివ్వడంలోనూ మెలిక. ఎన్నాళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు. నా హక్కు నేను బతికినన్నాళ్లూ, పోయాక ఇంకో అరవై ఏళ్లూ. కాశీబుగ్గలో కొట్ల మీదున్న బోర్డుల్లో సగం చట్టరీత్యా ఇంకా నావే అని గ్రహించిన రోజున బజార్లో కాస్త నిటారుగా నడిచాను, ఎవరూ గమనించలేదు.

రాసిచ్చేశాక కూడా ఓ తీగ మిగులుతుంది. అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం పెద్ద కంచు కుడ్యశిల్పం చేశాడు. 1979లో దాన్ని పీకి గోదాంలో పడేశారు, ముక్కలు పోయాయి. ఆయన కోర్టుకెక్కాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలింది ఆయనకి తిరిగిచ్చెయ్యండి, అయిదు లక్షల పరిహారం ఇవ్వండి అంది. ప్రభుత్వం డబ్బిచ్చి కొన్న వస్తువే. అయినా చేసినవాడి పేరుకీ పనికీ ఉన్న ముడి అమ్ముడుపోదట. మనం రోజూ చూసే స్టేట్ బ్యాంకు నీలం గుండ్రం 1971లో శేఖర్ కామత్ అనే ఆయన గీశాడు. పాస్‌బుక్కు పట్టుకుని క్యూలో నిలబడ్డ ఎవరినైనా అడిగి చూడండి, ఆ పేరు తెలుసేమో. తెలియకపోతే నష్టం లేదు, బ్యాంకుకి తెలుసు, ఎక్కడో కాగితం ఉంది. మా చేతులకి ఆ కాగితం లేదు.

అందుకని ఇప్పుడు ప్రతి పనికీ ఓ పేజీ రాస్తున్నాను. బొమ్మ ఇది, గీసింది నేను, ఫలానా తేదీన ఫలానావారికి వాడుకోవడానికి ఇచ్చాను, ఇన్నేళ్లకి, ఇంత ప్రాంతానికి, ఇంతకి. ఇద్దరి సంతకాలు. కాపీరైటు ఆఫీసులో నమోదు కూడా చేయించొచ్చు. మామూలు చిత్రానికి అయిదు వందల రుసుము, సరుకుల మీద వాడేదానికి రెండు వేలు, దానికి ముందు ట్రేడ్‌మార్కు వాళ్ల దగ్గర్నుంచి ఇలాంటి గుర్తు ఇంకోటి లేదని సర్టిఫికెట్టు. రెండు వేలు అనగానే సావుకార్లు టీ తాగి వెళ్లిపోతున్నారు. పేజీ మాత్రం చదువుతున్నారు, అనుమానంగా.

పడవలాంటి పప్పు బొమ్మకి పాత సావుకారు గారికే మొదటి కాగితం ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"అంటే నా డబ్బా మీద బొమ్మ నీదా?"

"మీరు సంతకం పెట్టేదాకా నాదేనండి."

"పెట్టినాక?"

"అయిదేళ్లు మీది. దేశమంతా."

ఆయన బావమరిది సోంపేటలో లాయరు. కాగితం అక్కడికి వెళ్లింది. అయిదేళ్లు అన్నచోట కొట్టేసి 'శాశ్వతంగా' అనీ, భారతదేశం అన్నచోట కొట్టేసి 'ప్రపంచమంతటా' అనీ రాసి తిరిగొచ్చింది. డబ్బు అంకె దగ్గర మాత్రం ఏ దిద్దుబాటూ లేదు. అలాగైతే రేటు వేరేగా ఉంటుంది సావుకారు గారూ, ప్రపంచం అంటే చాలా పెద్దది అన్నాను. ఆయన నాకేసి, కాగితం కేసి చూసి, పెన్ను తీసి బావమరిది రాసిన మాట మీద అడ్డగీత పెట్టారు.

"పెపంచకం నాకెందుకు బాబూ. ఇటు ఇశాపట్నం, అటు బరంపురం. అంతవరకే రాయి, రేటు పాతదే ఎయ్యి."